ఎనిమిదో వచనం దగ్గర

ముందు పోయినవాటి లెక్క. బైబిల్లో సువార్తలు నాలుగు. రాసినవాళ్ల చేతిరాతతో ఉన్న తొలి ప్రతులు నాలుగూ పోయాయి. రాసింది ఫలానా నేనని లోపల ఎవరూ పేరు చెప్పుకోలేదు. పైన కనిపించే నాలుగు పేర్లూ తర్వాత పెట్టినవని చాలామంది పండితుల మాట. నాలుగు ప్రతులు, నాలుగు సంతకాలు, మొత్తం ఎనిమిది. నా వైపు నుంచి ఇంకొకటి కలపాలి: కామాటిపురలో వరసగదుల చాల్‌లో మా పక్క ఖోలీ పెద్దమ్మ.

మేం హిందువులం, ఆమె క్రైస్తవురాలు. రెండు కుటుంబాల పెద్దలూ పాలమూరు నుంచి గోడలు కట్టడానికి వచ్చినవాళ్లే. ఆమెకు చదువు రాదు. చదివి వినిపించే భర్త పోయాడు. కొడుకులకు తెలుగు అక్షరాలు రావు. అందుకని ఆదివారం మధ్యాహ్నాలు వరండాలో కూర్చుని ఆమె బైబిలు నేను చదివేవాణ్ణి. నాలుగింటిలో చిన్నదని రెండో సువార్త ఎత్తుకున్నాం. పదహారు అధ్యాయాలు, వారానికి ఒకటి.

నా పని కాంట్రాక్టర్ల దగ్గర కొలతలు రాయడం. లెక్కలు సొంతంగా నేర్చుకున్నాను, వాటితోపాటు పొగరూ వచ్చింది. ఫోరస్ రోడ్డులో పాత పుస్తకాలవాడి దగ్గర ఈ సువార్తలు ఎలా పుట్టాయో చెప్పే పుస్తకం దొరికింది. చదివి ఊరుకోలేకపోయాను.

"పెద్దమ్మా, ఇది ఎవరు రాసిండ్రో పక్కా తెల్వదట. సంతకం లేని కొలతల కాగితం నేనైతే పాస్ చెయ్య."

"ఈ చాల్ గోడలు కట్టినోళ్లు సంతకం పెట్టిండ్రార? వాటి నడ్మనే పండుకుంటున్నవ్ గద. చదువు, లెక్కలోడా."

పదహారో ఆదివారం వచ్చింది. మర్నాడు ఆమె గుండె ఆపరేషన్‌కు ఆస్పత్రిలో చేరాలి.

"భయమైతుంది బిడ్డా. ప్రభువు సచ్చి లేసి తనోళ్లకు కనవడ్డ కాడి దాంక ఇని పోత."

ఎనిమిదో వచనం దాకా చదివాను. ఆడవాళ్లు ఖాళీ సమాధి చూసి వణుకుతూ పారిపోయారు, భయంతో ఎవరికీ ఏమీ చెప్పలేదు. అక్కడ పుస్తకం మూశాను.

"గంతేనా? ఎవ్వరికి చెప్పకపోతె నీ దాంక ఎట్లొచ్చిందిర?"

"ఇంక పన్నెండున్నయ్ గని, ఎవరో ఎనక అతికించినయట. బాగా పాత ప్రతులు రెండిట్ల లేవు. లెక్కల రావు."

"ఆ పన్నెండిట్ల కనవడ్తడా?"

"కనవడ్తడు."

"మరి చదువు."

"దొంగ లెక్క నేను చదవ, పెద్దమ్మా."

ఆమె నా ఒళ్లోంచి బైబిలు తీసుకుంది. "నీ లెక్క నువ్వే పెట్టుకో" అని లోపలికి వెళ్లిపోయింది.

ఆపరేషన్ బల్ల మీదే పోయింది. సమాధి దగ్గర ప్రార్థన హిందీలో జరిగింది. నెల తర్వాత పెద్ద కోడలు ఆ బైబిలు తెచ్చి, మా ఇంట్లో ఎవరికీ చదవరాదు, నువ్వే ఉంచుకో అంది, అదీ హిందీలోనే.

ఆ ముగింపు ఆమెకు తెలియక అడగలేదు. భర్త ఎన్నిసార్లు చదివి ఉంటాడో. వెళ్లేముందు ఒక్కసారి చెవిన పడాలనుకుంది, అంతే. ఆ పన్నెండు రాసినవాడెవడో నాకు తెలియదు. ఎనిమిది దగ్గర ఆగలేకపోయిన మనిషి అయి ఉంటాడు. నేను ఆగగలిగాను.

మొన్న ఆ పన్నెండూ గడియారం పెట్టుకుని పైకి చదివాను. రెండు నిమిషాలు పట్టింది. వినేవాళ్లు లేరు కాబట్టి దాన్ని చెల్లు రాసుకోలేను. పెద్దమ్మకు బాకీ అలాగే ఉంది: పన్నెండు వచనాలు.