పచ్చిపులుసు వచ్చే గోడ

నాచారంలో నాన్న పనిచేసిన ఫ్యాక్టరీ మూతపడ్డాక, కార్మికుల క్వార్టర్లను అందులో ఉంటున్నవాళ్లకే అమ్మేశారు. అట్లా రెండు గదులు, ఒక వంటిల్లు, పైన బెంగుళూరు పెంకులు, కింద షాబాదు బండలు మా సొంతమయ్యాయి. నాన్న పోయాక ఇల్లు అమ్మ పేరు మీదికి వచ్చింది. అన్నా వదినా అమ్మతో పాటు అక్కడే ఉంటారు. నేను రామంతాపూర్‌లో పంతులమ్మని. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని బడిపిల్లలకూ తెలుసు, మా ఆయనకూ తెలుసు.

మా వరస ఇళ్లన్నీ కూల్చి అపార్టుమెంటు కడతానని ఒక బిల్డర్ తిరగడం మొదలుపెట్టాడు. అన్న మెత్తబడ్డాడు. వానాకాలం వస్తే ఇల్లంతా కారుతోందని, గిన్నెలు పెట్టలేక చస్తున్నామని అన్నాడు. అందులో అబద్ధమేమీ లేదు. అయినా ఆ ఇల్లు పోతుందంటే నాకు అన్నం సహించలేదు. పాత కట్టడాలను కాపాడే సంస్థ ఒకటి ఉందని విని, వాళ్లను బతిమాలి ఒప్పించాను. వచ్చి చూస్తామని, నిలుపుకోదగ్గ ఇల్లయితే పైకప్పు బాగుచేయిస్తామని అన్నారు.

"వాళ్లు మంచిగుందంటే ఉంచుదాం. లేదంటే బిల్డర్‌కే ఇద్దాం. మల్ల నువ్వు లొల్లి వెట్టొద్దు," అని అన్న నాతో ఒట్టు వేయించుకున్నాడు.

వాళ్లు వచ్చే రోజు షేర్ ఆటో దిగి ఇంట్లో అడుగుపెట్టి చూద్దును కదా, మా ఇల్లు మా ఇల్లులా లేదు. షాబాదు బండల మీద పాలరాయి డిజైను ప్లాస్టిక్ చాప పరిచారు. టేకు దర్వాజకు తళతళలాడే పెయింటు వేశారు, ఇంకా తడి ఆరలేదు. పెంకులు కనపడకుండా తెల్ల షీటు కట్టారు. అన్నిటికంటే ఘోరం, వంటింటి గోడకు ఒక చెక్క కొట్టి దాని మీద క్యాలెండరు తగిలించారు.

ఆ చెక్క వెనక చిన్న కిటికీ ఉంది. మాకూ పక్కింటికీ ఉన్నది ఒకటే గోడ. నాన్నా, పక్కింటి చిన్నాయనా కలిసి ఎప్పుడో ఆ గోడలో కొన్ని ఇటుకలు తీసేసి, చుట్టూ చెక్క ఫ్రేము బిగించారు. ఫ్యాక్టరీవాళ్లను అడగనే లేదు.

"ఏందమ్మా ఇది?" అని అరిచాను.

"పెద్ద సార్లు వస్తున్నరు గదనే. గోడకు బొక్క ఎందుకు వెట్టిన్రంటే ఏం జెప్పాలె? ఇల్లు జర నీటుగ గనవడొద్దా?" అంది అమ్మ, తన ముస్తాబు చూసుకుని మురిసిపోతూ.

వాళ్లు చూడటానికి వచ్చేది పాత ఇంటినే అని చెప్పేలోపే వాకిట్లో బండి ఆగింది. ఒక పెద్దాయన, ఒక అమ్మాయి లోపలికి వచ్చారు. ఆ అమ్మాయి చాపనూ, షీటునూ చూసి మొహమాటంగా నవ్వింది.

"పాతవేవీ మిగిలినట్టు లేవండీ," అంది.

అన్న నావైపు చూశాడు. నాకు తల గోడకేసి బాదుకోవాలనిపించింది.

సరిగ్గా అప్పుడే వంటింటి గోడ మీద టకటకా చప్పుడైంది. వంట కాగానే పక్కింటి చిన్నమ్మ రోజూ కొట్టే చప్పుడే. దారి మూసి ఉండేసరికి గట్టిగా నెట్టినట్టుంది, చెక్క ఊడి క్యాలెండరుతో సహా గట్టు మీద పడింది. కిటికీలోంచి ముందు గాజుల చెయ్యి, ఆ చేతిలో గిన్నె, వెనకాలే గొంతు వచ్చాయి.

"ఏందక్కా, తొవ్వకు చెక్క గొట్టినవ్? నా పచ్చిపులుసు సేదైందా నీకు?"

అమ్మ నాలుక కరుచుకుంది. ఆ అమ్మాయి మాత్రం ఒక్క ఉదుటున వెళ్లి గిన్నె అందుకుంది.

"తప్పైంది బిడ్డా, మూసేస్తం," అంది అమ్మ.

"అయ్యో, మూయకండి! ఇది ఎందుకు పెట్టుకున్నారో చెప్పండి."

అమ్మ ముందు నమ్మలేదు. ఆ అమ్మాయి మళ్లీ అడిగేసరికి చెప్పడం మొదలుపెట్టింది.

"మొగోళ్లకు ఒకలకు పగలు డూటి, ఒకలకు రాత్రి డూటి. మేం గుడ పనికి వోతుంటిమి. పిల్లలు ఇంట్ల ఒక్కలే ఉండేది. ఎవలు ఇంటికాడుంటే వాళ్లు గీ తొవ్వలకెళ్లి అన్నం పెట్టెటోళ్లు, ఒక కన్నేసి ఉంచెటోళ్లు. నేను కామెర్లతోని దవాఖానల వడ్డప్పుడు నా పిల్లలను గీమెనే సాకింది."

"గదంత ఇప్పుడెందుకక్కా," అని చిన్నమ్మ కిటికీలోంచి తల పెట్టింది.

ఆ మాటకు నాకు ఏడుపొచ్చింది. చిన్నప్పుడు ఆ కిటికీ కింద కూర్చుని తిన్న ముద్దలు గుర్తొచ్చాయి. అమ్మ ఇక ఆగలేదు. కొంగు బిగించి ప్లాస్టిక్ చాపను తనే చరచరా చుట్టేసింది, షీటును ఒక్క గుంజు గుంజింది. "సూడు బిడ్డా, మంచిగ సూడు," అంటూ ఇల్లంతా తిప్పి చూపించింది. "ఫ్యాక్టరీలు కట్టించిన ఇళ్లు చాలా చూశాం. కార్మికులు తమ అవసరానికి తామే దిద్దుకున్న ఇల్లు చూడటం నాకిదే మొదటిసారి," అన్నాడు పెద్దాయన. అన్న ఆ గోడను కొత్తగా చూస్తున్నాడు.

కొన్నాళ్లకు కబురు వచ్చింది. నిలుపుకోవాల్సిన ఇల్లేనట. మా పైకప్పుతో పాటు చిన్నమ్మ వాళ్లదీ బాగుచేయిస్తారట. ఎలక్షన్ గెలిచినదానిలా వరసంతా తిరిగి లడ్డూలు పంచాను.

బిల్డర్ ఊరుకోలేదు. నేను అక్కడుండగానే అన్నకు ఫోన్ చేసి, రెండు ఫ్లాట్లిస్తానని, పక్కింటివాళ్లకు మా పక్క ఫ్లాటే ఇస్తానని ఆశ పెట్టాడు. అన్న స్పీకర్ పెట్టి నీళ్లు నములుతుంటే అమ్మ వంటింట్లోంచి వచ్చి ఫోన్ లాక్కుంది.

"మా ఇద్దరి నడిమి గోడకు గిట్లనే తొవ్వ వెడ్తవా?"

"గోడకు బొక్కనా? అపార్ట్‌మెంట్ల గట్ల ఎవలు వెడ్తరమ్మా?" అని నవ్వాడతను.

"గట్లయితె నీ ఫ్లాట్లు నువ్వే ఉంచుకో కొడుకా," అంది అమ్మ, గోడ అవతలికి కూడా వినపడేలా.