లాబీలో అమ్మ ఫోటో

మహారాష్ట్ర చంద్రాపూర్‌లో జట్‌పురా గేటు నుంచి నడిచిపోయేంత దూరంలో, పాత కట్టెకోత మిల్లు ఉన్న జాగాలో, పద్నాలుగు అంతస్తుల భవనం లేచింది. ఊరి నడిమధ్యలో అంత ఎత్తు కట్టడం మాకు కొత్త. దాని పదకొండో అంతస్తులోకి మేము నలుగురం మారాం: నేను, నా భార్య, తొమ్మిదో తరగతి చదువుతున్న మా బిడ్డ, మా అమ్మ. మార్కెట్లో ఉన్న నా కళ్లజోళ్ల దుకాణానికి అక్కడినుంచి ఐదు నిమిషాల నడక.

అంతకుముందు మేము ఉన్నది ఊరి శివారు దుర్గాపూర్‌లో, కాలరీ క్వార్టర్ల వెనక రెండు గదుల ఇంట్లో. మా నాన్న పెద్దపల్లి దిక్కునుంచి పడుచు వయసులో వచ్చి బొగ్గుగనిలో చేరాడు. రిటైరైన కొన్నాళ్లకే పోయాడు. కొత్త భవనంలో మొదటిరోజు లిఫ్టు ఎక్కినప్పుడు అమ్మ భయపడుతుందేమోనని చెయ్యి పట్టుకున్నాను. ఆమె నవ్వింది.

"మీ నాయిన రోజు గనిల లిఫ్టు దిగుతుండె. నువ్వు మీదికి పోయే లిఫ్టు ఎక్కుతున్నవ్. గంతే గద."

లిఫ్టులో ఇంకో ఇద్దరున్నారు. వాళ్లకు తెలుగు రాదు. అయినా నాకు చెవులు వేడెక్కాయి. అమ్మ మాట గట్టిది. గని మోతల పక్కన బతికిన వాళ్లందరి మాటా అంతే.

ఆ వారంలోనే సొసైటీ సెక్రటరీ పరిచయమయ్యాడు. తొమ్మిదో అంతస్తులో ఉండే రిటైరైన ఇంజనీరు. మర్యాదస్తుడు. మీ నాన్నగారు ఏం చేసేవారని మరాఠీలో అడిగాడు. "బొగ్గు కంపెనీలో ఉండేవారు" అన్నాను. "ఆఫీసరా?" అన్నాడు. నేను అవుననలేదు, కాదనలేదు. చిన్నగా నవ్వాను. తర్వాత నన్ను ఎవరికి పరిచయం చేసినా, "వీళ్ల నాన్న కోల్ కంపెనీలో ఆఫీసరు" అనేవాడు. ప్రతిసారీ అదే నవ్వు నవ్వాను.

వేసవి వచ్చింది. మా ఊరి ఎండ సంగతి ఇక్కడివాళ్లకు చెప్పనక్కర లేదు. మా ఫ్లాటు పడమటి గోడ మధ్యాహ్నానికి పెనంలా కాలేది. అమ్మ ఉండే గదిది ఆ గోడే. కూలరు ఒకటి పెట్టాను, కానీ ఆమెకు ఆ మోత పడదు. పొద్దున బాల్కనీలో నిలబడి థర్మల్ కరెంటు ప్లాంటు పొగగొట్టాలను చూసేది. "అగో, గదే మన దుర్గాపూర్" అని రోజూ ఎవరో ఒకరికి చూపించేది. పది దాటితే బాల్కనీలో కాలు పెట్టే పని లేదు. నేను దుకాణంలో, నా భార్య స్కూల్లో, పిల్ల ట్యూషన్‌లో. అమ్మకు తలుపు, టీవీ, ఆ గోడ.

అట్లా ఒకరోజు కిందికి దిగి, లాబీని కనిపెట్టింది. రెండంతస్తుల ఎత్తు, బూడిదరంగు గ్రానైటు నేల, అద్దాల తలుపులు. బయట మంటలు లేస్తున్నా ఆ నేల చల్లగా ఉండేది. మూలన సోఫాలు ఉన్నాయి గాని అమ్మ వాటి జోలికి పోలేదు. పేపరు పరుచుకుని నేలమీద కాళ్లు చాపుకుని కూర్చుని, ఆ ఏటి చింతపండు ముందేసుకుని గింజలు తీసేది. తోడుగా ఒక వంటమనిషి దొరికింది. ఆరో అంతస్తులో ఒకింట్లో, పదమూడులో ఒకింట్లో వంట చేసే ఆమె. ముప్పై ఐదేళ్లుంటాయి. రెండిళ్ల పనికి మధ్య ఆమెకు గంటన్నర ఖాళీ. ఇంటికి పోయి వచ్చేంత సమయం కాదు.

"ఆ పిల్లది విరూర్ అట" అని అమ్మ అన్నం తింటూ సంబరంగా చెప్పింది. "స్టేషన్ పక్కకే ఇల్లట. గింత పెద్ద బిల్డింగుల మన మాట మాట్లాడేటోళ్లు దొరికిన్రు సూడు."

నేను "మంచిదే" అన్నాను. ఇద్దరూ ఎక్కడ కూర్చుని మాట్లాడుకుంటున్నారో అడగలేదు.

మే నెల, మధ్యాహ్నం. దుకాణంలో ఒక ముసలి రైతుకు చదువుకునే అద్దాలు సరిచూస్తున్నాను. ఫోన్ మోగింది. మా భవనం వాట్సాప్ గ్రూపు. ఫ్లాటుకు ఒక్కరే అందులో ఉంటారు. మా ఇంటినుంచి నేను. సెక్రటరీ ఒక ఫోటో పెట్టాడు. అద్దాల తలుపు బయటినుంచి తీసినట్టుంది. నేలమీద ఒక ముసలామె, వెనకనుంచి. వంగిన వీపు, జారిన ముడి, పక్కకు చాపిన పాదం, పగిలిన మడమ. పసుపు అంచు ఆకుపచ్చ చీర. ఆ చీర మంచిర్యాలలో నేను కొన్నదే. ఆమె పక్కన సగం కనబడుతూ వంటామె.

కింద మరాఠీలో రాశాడు: ఇది ఎవరింటి బాయి? పనివాళ్లు లాబీలో ఇట్లా కూర్చుంటే వచ్చేవాళ్లు ఏమనుకుంటారు?

ఇక్కడ బాయి అంటే పనిమనిషి.

ఔనంటూ బొటనవేళ్ల గుర్తులు మొదలయ్యాయి. మూడో అంతస్తు, ఎనిమిది, పన్నెండు. ఒకామె, వీళ్లు సర్వీస్ లిఫ్టులోనే రావాలని రాసింది. ఇంకొకాయన, నిన్న కూడా చూశాను, తెలుగులో గట్టిగా మాట్లాడుకుంటున్నారు, అని రాశాడు. వెంటనే సెక్రటరీ నన్ను పేరు పెట్టి అడిగాడు: మీరు తెలుగువారు కదా, ఈమె ఎవరో తెలుసా?

రైతు అద్దాలలోంచి నావైపు చూస్తూ, "అక్షరాలు అలికినట్టున్నయి సేట్" అన్నాడు. "ఒక్క నిమిషం" అన్నాను.

'ఆమె మా అమ్మ' అని టైపు చేశాను. మరాఠీలో మూడు మాటలు. వేలు పంపే గుర్తు మీదికి పోలేదు. ఆఫీసరు భార్య నేలమీద కూర్చుని చింతపండు గింజలు తీస్తోందని వాళ్లు అనుకోవడం కళ్లముందు కనబడింది. చెరిపేశాను. 'చౌకశీ కరతో' అని పంపాను. కనుక్కుంటాను అని. అది చాలనట్టు సెక్రటరీ ఫోటో కింద నేనూ ఒక బొటనవేలు పెట్టాను. అందరూ పెట్టారు, నేనొక్కడినే పెట్టకపోతే అనుమానం వస్తుందేమోనని. అప్పుడు నాకు తోచిన కారణం అదీ.

తర్వాత ఆ రైతుకు అద్దాలు మార్చాను. ఆయన చదివాడు. బాగున్నాయన్నాడు.

ఆ సాయంత్రం అమ్మతో అన్నాను, "కింద కూసోకు అమ్మా. కొత్త రూల్ వచ్చింది. ఎవ్వరూ కూసోవద్దట."

"ఎవ్వరూనా?"

"ఎవ్వరూ."

"రూలయితే సరే బిడ్డా" అంది. ముప్పై ఏళ్లు కాలరీ సైరన్‌ను బట్టి వంట చేసిన మనిషి. రూల్ అంటే ఎదురు మాట్లాడదు.

మరునాటినుంచి గార్డు వంటామెను కూడా లాబీలో ఉండనివ్వలేదు. ఆమె గంటన్నర బయట, పార్కింగ్ వెనక పంపు గది గోడ పక్కన జానెడు నీడలో కూర్చునేది. నాలుగైదు రోజుల తర్వాత అమ్మ బాల్కనీలో ఆరేసిన బట్టలు తీస్తూ కిందికి చూసి ఆమెను గుర్తుపట్టింది. పదకొండు అంతస్తుల పైనుంచి, కొంగు కప్పుకున్న తలను చూసి. నేను, పక్కనే తీసినట్టున్న ఫోటోలో అమ్మను కూడా గుర్తుపట్టనట్టు ఊరుకున్నాను.

అమ్మ చల్లనీళ్ల సీసా పట్టుకుని దిగింది. ఇచ్చి తిరిగి వస్తుంటే కొత్తగా వచ్చిన గార్డు ఆపాడు. అప్పుడే మా బిడ్డ ట్యూషన్ నుంచి వచ్చింది. గార్డు ఆమె కళ్లముందే హిందీలో ఏదో చెబుతూ అమ్మకు సర్వీస్ లిఫ్టు చూపిస్తున్నాడు.

"ఈమె మా ఆజీ" అంది మా బిడ్డ. ఆజీ అంటే మరాఠీలో నానమ్మ.

గార్డు తడబడి, తన ఫోన్ తీసి చూపించాడట. ఈ ముసలామెను కూర్చోనివ్వొద్దని తనకు ఇచ్చిన ఫోటో ఇదేనని.

ఇదంతా నాకు సాయంత్రం తెలిసింది. దుకాణం తొందరగా మూసి వచ్చాను, అన్నానికి కూర్చున్నాం. మా బిడ్డ పళ్లెం ముట్టలేదు.

"పప్పా, గ్రూపుల ఆజీ ఫోటో వచ్చిందట. నువ్వు చూసినవా?"

"చూడలేదు" అన్నాను.

పక్కనే ఉన్న నా ఫోన్ తీసుకుంది. నేను వద్దనలేకపోయాను. వెతికి, గట్టిగా చదివింది. సెక్రటరీ మాట, అందరి మాటలు, తర్వాత నా మాట. బొటనవేలు పెట్టినవాళ్ల పేర్లు చూసి ఆగింది. అక్కడ చదవలేదు. నావైపు చూసింది. నా భార్య గరిటె పట్టుకుని అట్లాగే నిలబడింది.

అమ్మ చెయ్యి చాపింది. "ఇటియ్యి, సూడనియ్యి."

ఫోన్‌ను దూరంగా పెట్టుకుని చూసింది. "మడిమెలు ఎట్ల పలిగినయో సూడు" అంది. "బాయి అనుకున్నరు. అనుకోరా మరి." తర్వాత మనవరాలితో అంది, "ఎన్కకెల్లి తీసిన్రు బిడ్డా. మొఖమే లేదు. మీ పప్పా ఎట్ల గుర్తు పడ్తడు?"

"ఆజీ, ఆ చీర పప్పానే తెచ్చిండు గద!"

"గసొంటి చీరలు వెయ్యి మంది కడ్తరు." అని నావైపు తిరిగింది. "గుర్తు పట్టలే గద బిడ్డా?"

ఆమె కళ్లలో కోపం లేదు. నాకు దారి చూపిస్తోంది. ఆ దారిలో పోకుండా ఉండటానికి నాకు ఆ ఒక్క క్షణమే దొరికింది.

"పట్టలేదమ్మా" అన్నాను.

"మరింకేంది. పెరుగు ఏసుకో."

మా బిడ్డ లేచి లోపలికి పోయింది. నా భార్య ఆ రోజూ, తర్వాతా నాతో మామూలుగానే ఉంది. కానీ అప్పటినుంచి అమ్మను గుడికి తీసుకుపోయినా, మార్కెట్‌కు తీసుకుపోయినా తనే తీసుకుపోయేది. నన్ను అడగడం మానేసింది.

రెండు వారాల తర్వాత ఆదివారం పొద్దున సొసైటీ మీటింగు జరిగింది. ఆ రోజు చెప్పాలనే పోయాను. లిఫ్టులో మాటలు కూర్చుకున్నాను కూడా. నీళ్ల ట్యాంకు సంగతీ, పార్కింగ్ సంగతీ అయ్యాక లేచి చెప్పాను: "ఆ ఫోటోలో ఉన్నది మా అమ్మ."

సెక్రటరీ ముఖం ఎర్రబడింది. వచ్చి నా రెండు చేతులూ పట్టుకున్నాడు. నిజంగానే బాధపడ్డాడు. "ముందే ఎందుకు చెప్పలేదు?" అన్నాడు.

"వెనకనుంచి తీశారు కదా" అన్నాను. "గుర్తుపట్టలేదు."

అమ్మ నాకోసం ఆడిన అబద్ధాన్ని నలభై మంది ముందు నాదిగా వాడుకున్నాను. మా నాన్న గనిలో బొగ్గు ఎత్తాడని కూడా చెప్పాలనుకున్నాను. చెప్పలేదు. ఆజీ ఎక్కడైనా కూర్చోవచ్చు, ఈ లాబీ ఆజీదే, అని సెక్రటరీ అన్నాడు. అందరూ నవ్వారు, తేలికపడ్డారు. నేనూ. ఎవరో అడిగారు, మరి ఆమెతో కూర్చునే ఆ రెండో ఆమె? ఆమె బాయి కదా, ఆమెకు రూల్ ఉంటుంది, అన్నాడు సెక్రటరీ. నేను అప్పటికే కూర్చున్నాను. మళ్లీ లేవలేదు.

ఇంటికి వచ్చి అమ్మకు శుభవార్తలా చెప్పాను. "నువ్వు లాబీల కూసోవచ్చు అమ్మా. సోఫాల కూసో, ఎవ్వరేమనరు."

"ఆ పిల్ల?"

"ఆమెకు లేదు."

"మరి నేనెవలతోని మాట్లాడాలె? సోఫాతోనా?"

ఆ తర్వాత అమ్మ రోజూ పంపు గది పక్కకే పోయేది. పాత దుప్పటి మడత ఒకటి, నీళ్ల సీసా ఒకటి. ఆ మండుటెండలో, డెబ్బై దాటిన మనిషి. వద్దని చెప్పే ముఖం నాకు లేదు. మధ్యాహ్నం అన్నానికి వచ్చినప్పుడు బండిని అటువైపు పెట్టకుండా ముందు గేటు దగ్గరే పెట్టేవాణ్ణి.

ఒకరోజు ముందు గేటు దగ్గర ఇసుక లారీ అడ్డం ఉంది. వెనకకు పోక తప్పలేదు. నన్ను చూడగానే వంటామె గబుక్కున లేచి కొంగు సర్దుకుంది. "దండం సార్" అంది. నేనెవరో ఆమెకు తెలియదు. భవనంలో ఉండే ఎవరో ఒక సార్‌ను, అంతే. మళ్లీ ఇక్కడినుంచి కూడా లేపుతాడేమోనని భయపడింది.

అమ్మ ఆమె చెయ్యి పట్టి కిందికి గుంజింది. "కూసో పిల్లా. వాడు నా కొడుకే."

అంత సులువుగా అంది. నేను బండి స్టాండు వేసి, తలూపి, పైకి పోయాను. లిఫ్టు అద్దంలో ముఖం చూసుకోకుండా నేలకేసి చూస్తూ నిలబడ్డాను.

వానలు మొదలయ్యాక ఆ పంపు గది పక్కన నీళ్లు నిలిచాయి. వంటామె భర్తకు బల్లార్‌పూర్‌లో పని దొరికి వాళ్లు అటు వెళ్లిపోయారు. వెళ్లేముందు ఆమె మా ఇంటికి వచ్చి అమ్మ కాళ్లకు మొక్కింది. నేను లోపలి గదిలో ఉన్నాను. బయటికి వచ్చి, నువ్వు కూర్చునే చోటు పోవడానికి కారణం నేనే అని చెప్పవలసింది. అమ్మ ఆమెకు చీర పెట్టడం, ఇద్దరూ ఏడవడం, తలుపు మూసుకోవడం, అన్నీ విన్నాను.

ఇప్పుడు అమ్మ కిందికి దిగడం తక్కువ. మా బిడ్డ కాలేజీకి వచ్చింది. నాతో మాట్లాడుతుంది, నవ్వుతుంది. కానీ ఏదైనా అడిగి, నేను జవాబిచ్చాక ఒక్క క్షణం ఆగుతుంది. ఆ ఆగడం ఆ సాయంత్రం నుంచే.

దీన్ని తెలుగులో రాస్తున్నాను. దుర్గాపూర్‌లో చిన్నప్పుడు నాన్న పాత పేపర్లు ముందు పెట్టి నేర్పిన అక్షరాలు ఇవి. అమ్మ బడికి పోలేదు. నా భార్య, బిడ్డ మరాఠీలో చదువుకున్నారు. తెలుగు మాట్లాడతారు గాని చదవలేరు. మా ఇంట్లో ఇది చదవగలిగిన మనిషిని నేనొక్కడినే. అది తెలిసే ఈ లిపిలో రాస్తున్నానేమో అని రాస్తున్నంతసేపూ అనిపిస్తూనే ఉంది. కాదని గట్టిగా చెప్పలేను.