మా మరిది చేసిన కంటి పరీక్ష

మా కళ్లద్దాల షాపులో కళ్లు పరీక్ష చేసేది మా మరిది. ఫ్రేములు ముఖానికి సరిపోయేలా వంచి ఇచ్చేది నేను. షాపు మా ఆయన పేరు మీద ఉంది, పెత్తనం నాది. మరిది మెతక మనిషి. ఎవరైనా అక్షరం తప్పు చదివితే, వాళ్లు చిన్నబుచ్చుకుంటారని "దాదాపు అదేనండీ" అంటాడు. "పవరు కూడా దాదాపుగానే రాస్తావా ఏంటి?" అని నేను వెక్కిరిస్తుంటాను.

అతనికి మగవాళ్లంటే ఇష్టం. ఇంట్లో ముందుగా తెలిసింది నాకే. తర్వాత తెలిసిన మా ఆయన ఆర్నెల్లు తమ్ముడితో మాట్లాడలేదు. ఆ తర్వాత ఒకరోజు భోజనాల దగ్గర తమ్ముడి కంచం తనే తెచ్చి పెట్టాడు. ఆయనకు అంతకు మించి చేతకాదు.

మరిది మనసు పడ్డ మనిషిని నేను పొడుగాయన అంటాను. లిఫ్టులు బాగుచేస్తాడు. మా గుమ్మంలోకి తల వంచుకుని రావాల్సిందే. మూడేళ్లు ఇద్దరూ ఒకే ఇంట్లో ఉన్నారు. హాయిగా ఉన్నారనే అనుకున్నాను. తీరా చూస్తే, శుక్రవారం సాయంత్రం వేసిన కర్టెన్లు సోమవారం దాకా తీసేవాళ్లు కాదట. మత్తుమందు తీసుకుని ఒకరితో ఒకరు, పోనుపోను ముక్కూమొహం తెలియని మగవాళ్లతోనూ, నిద్రా తిండీ లేకుండా గడిపేవారట.

"ఆ మత్తులో ఉన్నప్పుడే నా ఒళ్లంటే నాకు అసహ్యం వేసేది కాదు వదినా" అన్నాడు ఒకసారి. చిన్నప్పటి నుంచీ ఆ అసహ్యం నేర్పినవాళ్లలో మేమూ ఉన్నాం.

ఒక సోమవారం షాపులోనే కుప్పకూలాడు. ఆసుపత్రి, వైద్యం అయ్యాక మా ఇంటికి వచ్చేశాడు. ఇప్పుడు ప్రతి గురువారం మత్తు మానిన తనలాంటి వాళ్లంతా కూర్చుని మాట్లాడుకునే చోటికి వెళ్తాడు. పది నెలలుగా మత్తు ముట్టలేదు. అనుమానం వస్తే తన కళ్లలో టార్చి వెయ్యమని నాకు నేర్పింది కూడా అతనే. వెలుగు పడగానే కనుపాప చటుక్కున చిన్నదవ్వాలి. ఆ మత్తులో ఉన్నవాళ్లకు పెద్దగా, అలాగే ఉండిపోతుంది.

"మత్తు మీద యావ తగ్గింది వదినా. వాడి మీదే తగ్గలేదు" అనేవాడు. షాపు తలుపు చప్పుడైతే చాలు, తలెత్తి చూసేవాడు. నాకు ఒళ్లు మండేది. ఇన్నాళ్లలో ఒక్క ఫోనైనా చేశాడా ఆ మహానుభావుడు?

మొన్న మంగళవారం పొద్దున్నే పొడుగాయన వచ్చాడు. సగానికి సగం చిక్కిపోయాడు.

"నీ చేత కళ్లు చూపించుకుందామని వచ్చాను" అన్నాడు మరిదితో.

లోపలి గదిలోకి వెళ్లారు. నేను కర్టెన్ పక్కనే నిలబడ్డాను. నాకేం మొహమాటం లేదు, అది నా షాపు. కనుపాప పెద్దదిగా ఉంటే పొడుగాయన్ని మెడపట్టి గెంటడానికి కొంగు బిగించి మరీ నిలబడ్డాను. మరిది టార్చి వేశాడు. ఒక కంట్లో వేసి, రెండో కంట్లోనూ వేశాడు.

"మానేశావా?" అన్నాడు.

"ఏడు నెలలైంది."

"అయితే వచ్చెయ్యి. మళ్లీ మొదలుపెడదాం. ఈసారి మామూలుగా."

"మామూలుగా మనం ఎప్పుడున్నాం రా?" అన్నాడు పొడుగాయన. "అది లేకుండా నీ మీద చెయ్యి వేసిన రోజు ఒక్కటైనా గుర్తుందా? ఇందాక నిన్ను చూడగానే నాకు ముందు అదే కావాలనిపించింది. నోట్లో దాని రుచే వచ్చింది. తర్వాతే నువ్వు. అది చెబుదామనే వచ్చాను." "నీకు రాలేదా? రాలేదని చెప్పు, ఉండిపోతాను" అన్నాడు.

పది నెలలు ఆ మనిషి కోసం కళ్లల్లో వత్తులు వేసుకుని చూసిన మా మరిది ఏమంటాడోనని కర్టెన్ దగ్గరికి ఇంకాస్త జరిగాను. నా కోపం ఎటు పోయిందో తెలియదు. రాలేదని చెప్పరా నాయనా అని లోలోపల బతిమాలుతున్నాను.

"వచ్చింది" అన్నాడు మరిది.

తర్వాత మామూలుగానే అద్దాలు మార్చి మార్చి "ఇది బాగుందా, ఇదా?" అని అడిగాడు. మామూలుకన్నా ఎక్కువసేపే అడిగాడు. చీటీ రాసి ఇచ్చాడు. పొడుగాయన బయటికొచ్చి, నాకు దణ్ణం పెట్టి వెళ్లిపోయాడు. చీటీ మాత్రం కౌంటరు మీదే వదిలేశాడు.

నేను లోపలికి వెళ్లాను. కళ్లు పరీక్ష చేయించుకునేవాళ్ల కుర్చీలో కూర్చుని ఉన్నాడు మరిది. ఆ సీటు ఇంకా వెచ్చగానే ఉండి ఉంటుంది.

"రాలేదని ఒక్క మాట అంటే నీ సొమ్మేం పోయేదయ్యా?" అన్నాను ఏడుపు ఆపుకోలేక.

"అంటే ఉండిపోయేవాడు వదినా" అన్నాడు. "అందుకే అనలేదు."