మూడేళ్ల సున్నాలు

అచ్చాఫీసులో ఆమెను అందరూ పిట్టలక్క అనేవారు. కాగితాలు మడిచే మిషను దగ్గర ఇరవయ్యారేళ్లుగా పనిచేస్తోంది. ఆ మోతలో పక్కవాళ్లకు ఏదైనా చెప్పాలంటే చెవి దగ్గర నోరు పెట్టి అరవాలి. సాయంత్రం ఇంటికి చేరగానే చెప్పులైనా విడవకుండా పడకగది కిటికీ దగ్గరకు నడిచేది. ఆమె ఉండే మూడో అంతస్తు ఇంటి వెనక పాత కాలువ ఒకటుంది. దాని ఒడ్డంతా మనిషెత్తు రెల్లు. ఆమె పిట్టలు ఆ రెల్లులో ఉండేవి.

ముందు చెవి, తర్వాత కన్ను, ఆఖరున కెమెరా. అదీ ఆమె పద్ధతి. రెల్లుపిట్ట విషయంలో వేరే దారి లేదు కూడా. బొటనవేలంత ఉంటుంది, ఎండుటాకు రంగు, ఎప్పుడూ కాడల మధ్యే దాక్కుంటుంది. గాజు మీద గోటితో గీసినంత సన్నగా కూస్తుంది. కూత వచ్చిన వైపు లెన్సు తిప్పి ఊపిరి బిగబట్టి కూర్చుంటే ఎప్పటికో బయటికి తొంగిచూసేది. అలా తీసిన ఫొటోలు గోడ నిండా ఉన్నాయి. ఎవరైనా వచ్చి "ఇందులో పిట్ట ఏదండీ?" అంటే, "నన్నడక్కండి బాబూ, నాకు ఆకులే కనిపిస్తాయి" అనేవాడు ఆమె భర్త.

ఆయన గడియారాలు బాగుచేసేవాడు. పిట్టల సంగతి పట్టదు గానీ, సెలవుల్లో ఎక్కడైనా గుడారం వేద్దామని ఆమె అంటే మారుమాట లేకుండా మూటలు మోసేవాడు.

ఊళ్లో పక్షుల సంఘం ఉంది. ఏటా వసంతంలో సభ్యులు తమ చోట్లలోని పిట్టల్ని లెక్కించి పట్టీ పంపాలి. రెల్లుపిట్ట కంటబడడం అరుదు కాబట్టి కూతలనే లెక్కపెడతారు. ఒక ఏడాది ఆమె తొమ్మిది అని రాసింది. మరుసటి ఏడు నాలుగు. ఆ తర్వాత వరసగా మూడేళ్లు సున్నా. ఒక్కో సున్నా రాయడానికి ముందు పది రోజులపాటు తెల్లారగట్లే లేచి కిటికీ దగ్గర కూర్చుంది. మూడో సున్నా రాసిన రోజు సగం అన్నంలోనే కంచం ముందు నుంచి లేచిపోయింది. ఏమైందని భర్త అడిగితే తలనొప్పి అంది.

ఆ ఎండాకాలం ఇద్దరూ ఒక సరస్సు ఒడ్డున గుడారం వేశారు. తెల్లారి ఆమె స్టాండు మీద కెమెరా బిగించి రెల్లు వైపు చూస్తూ కూర్చుంది. ఆయన టీ కాస్తున్నాడు.

"ఇక్కడా లేవు," అందామె. "మొత్తానికి తుడిచిపెట్టుకుపోయాయి."

"ఏవి?"

"రెల్లుపిట్టలండీ."

ఆయన టీ గిన్నె స్టవ్ మీదే వదిలేశాడు. లేచి వచ్చి పక్కన కూర్చుని, ఆమె ముఖం తనవైపు తిప్పుకుని కాస్త గట్టిగా చెప్పాడు.

"అరుస్తూనే ఉన్నాయి. ఇప్పుడు కూడా. అదిగో, ఆ వంగిన కాడ పక్కన."

ఆమె అటు చూసింది. రెల్లు ఊగుతోంది. చప్పుడు లేదు.

"మరి ఇంటి దగ్గర?"

"ఇంటి దగ్గరా అంతే. రోజూ."

"నాకు వినపడట్లేదని మీకు తెలుసా?"

"కుక్కర్ విజిల్ నీకు వినపడనప్పుడే తెలిసింది. మూడేళ్లయిందేమో. చెబితే ఇవన్నీ మానేస్తావని ఊరుకున్నా. కళ్లతో చూసి రాసుకుంటున్నావనుకున్నా గానీ, సున్నాలు రాస్తున్నావని నాకేం తెలుసు?"

టీ పొంగి స్టవ్ ఆరిపోయింది. మధ్యాహ్నానికే గుడారం విప్పేశారు.

ఆమెను కుదిపేసింది చెవుల సంగతి ఒక్కటే కాదు. కాలువ ఒడ్డు పూడ్చి బళ్లు నిలిపే స్థలం చేయాలని పురపాలక ఆఫీసువాళ్లు అనుకుంటున్నారు. అక్కడ కాపాడాల్సిన పిట్టలేమైనా ఉన్నాయా అని వాళ్లు అడిగితే, సంఘం పంపింది ఆమె పట్టీలే.

మర్నాటి నుంచి ఇద్దరూ కిటికీ దగ్గర కూర్చున్నారు. ఆయన విని వేలు చూపిస్తే ఆమె అటు లెన్సు తిప్పేది. ఆ వేలు ఎప్పుడూ ఒక మూర అటో ఇటో పోయేది. "ఎడమకా?" "కాదు కాదు, ఇంకా కిందికి." పన్నెండో రోజున దొరికింది. నోరు తెరిచి కూస్తున్న రెల్లుపిట్ట, గొంతు మీద ఈకలతో సహా. అంత మంచి ఫొటో ఆమె అంతకుముందెన్నడూ తీయలేదు. కూత మాత్రం వినపడలేదు.

ఆఫీసులో అధికారి మర్యాదగానే మాట్లాడాడు.

"ఫొటో చాలా బావుందమ్మా. కానీ మూడేళ్లుగా లేదని రాసింది మీరే కదా?"

"తప్పు రాశానండీ. నా చెవులు పోయాయి."

"అయ్యో! కానీ పని కాంట్రాక్టరుకు అప్పగించేశామమ్మా. ఒక్క పిట్ట కోసం ఆపమంటే పైవాళ్లు ఒప్పుకోరు."

సంఘం కార్యదర్శి కూడా ఉత్తరం రాశాడు. జవాబు రాలేదు.

ఈలోగా డాక్టరు ఆమెకు చెవి మిషను పెట్టాడు. మాటలు తెలుస్తాయి గానీ అంత సన్నటి కూతలు ఇక అందవని ముందే చెప్పాడు.

మూడు వారాలకు మట్టి లారీలు వచ్చాయి. ఆమె సెలవు పెట్టలేదు, పనికి వెళ్లిపోయింది. సాయంత్రం తిరిగొచ్చేసరికి కిటికీ అవతల ఎర్రమట్టి చదునుగా పరిచి ఉంది. భర్త మంచం అంచున కూర్చుని ఉన్నాడు.

"ఎప్పటిదాకా వినిపించాయి?" అని అడిగింది.

"మధ్యాహ్నం దాకా."

ఆయన ఇంకేదో చెప్పబోయాడు. ఆమె తన చెవిలోంచి మిషను తీసి బల్ల మీద పెట్టి, వంటింట్లోకి వెళ్లిపోయింది.