మరియమ్మక్క పేరు పక్కన ‘గృహిణి’

మైపాడులో చేపలమ్మే వాళ్లకు ఐసు పెట్టెలు మంజూరు చేసే వెబ్ యాప్ మా ఆఫీసుదే. ఆడవాళ్ల పేరు కొట్టగానే వృత్తి గడిలో ‘గృహిణి’ అని దానంతటదే పడేది. ముందే అలా పడేట్టు కోడ్‌లో డీఫాల్ట్ పెట్టింది మేమే. ఫారం నింపేవాళ్లు చూడకుండా ‘తరువాత’ నొక్కేస్తారు. అందుకే అక్కడ చేపలమ్మే మరియమ్మక్క దరఖాస్తు తిరిగొచ్చింది. ఇరవై ఏళ్లుగా గంప మోస్తున్న మనిషి చేపల వ్యాపారి కాదట!

ఈ ఉదయం ఆఫీసులో గొడవపడ్డాను.

“గడి ఖాళీగా పెడితే ప్రతి ఒక్కరినీ అడగాల. లేటవుద్ది తమ్ముడూ,” అన్నాడు మా సీనియర్ రఫీ అన్న.

“కానీ అన్నా! ఏం పని చేస్తావని ఆడమనిషిని అడిగే తీరిక కూడా లేదా మనకి?”

“సరే, తీసెయ్” అన్నాడు ఆయన. తీసేశాను. ఇప్పుడు ఆ గడి నింపకపోతే ఫారం కదలదు.

సాయంత్రం మైపాడు వెళ్లి కొత్త ఫారం తెరిచాను. “ఏం పని చేస్తావక్కా?”

“కనపడలా? ఈ గంప సోకుకి మోస్తుండానా అబ్బయా?”

‘చేపల వ్యాపారం’ అని కొట్టాను. అక్కడికక్కడే పెట్టె మంజూరైంది!

ఆడవాళ్ల హక్కుల కరపత్రాలు చదివి ఏం సాధిస్తావని అడిగినవాళ్లకు ఇదే నా జవాబు. మిమ్మల్ని అడక్కుండా మీ ఫారాల్లో ఏం నింపారో మీరూ చూసి చెప్పండి.