రాజు అరచేతిలో తుప్పు

మొన్న మంగళవారం పొద్దున్న అక్క ఫోన్ చేసింది. "మీ బావ ఎల్లిపోనాడ్రా" అంది. "ఎన్ని గంటలకి?" అన్నాను. చావు కబురు ఎవరు చెప్పినా విలేకరిగా నేను మొదట అడిగే ప్రశ్న అదే. అక్క టైము చెప్పింది. చేతిలో పెన్ను ఉంది. రాసుకోలేదు.

బావ విశాఖ పోర్టులో క్రేన్ ఆపరేటరుగా పనిచేసి రిటైరయ్యాడు. సెలవు దొరికితే స్టేజీ మీద రాజు. మా వైపు జాతరల్లో ఆడే ఒక పాత విషాద నాటకంలో ఆ వేషం ఆయనదే. కథ చిన్నది. శత్రువులు కోటను చుట్టుముడతారు. తెల్లారేదాకా ఎవరొచ్చినా తలుపు తీయనని రాజు జనానికి మాటిస్తాడు. గాయపడిన కొడుకు వచ్చి తలుపు కొడతాడు. రాజు తీయడు. కాసేపటికి కొట్టడం ఆగిపోతుంది. అక్కడ రాజుకు వరసగా పద్యాలు. చివరి పద్యానికి జనం "వన్స్ మోర్" అని అరిచేవారు, బావ మళ్లీ అందుకునేవాడు. సింహాచలం కొండ కింద ఆడినప్పుడు నాలుగుసార్లు పాడించారు. నాలుగోసారికి, చచ్చిపడి ఉన్న కొడుకు పాత్రధారి గురక పెట్టాడు.

తర్వాత బావకు గొంతు క్యాన్సర్ వచ్చి ఆపరేషన్ అయింది. ప్రాణం దక్కింది, గొంతు పోయింది. మిగిలింది గుసగుస. పక్కన కూర్చుంటేనే వినబడేది.

ఆ గుసగుసతోనే ఒక మధ్యాహ్నం, నాటకాన్ని సినిమాగా తీస్తానని, రాజు తానేనని చెప్పాడు. "గొంతులేని రాజుని ఎవరు చూస్తారు బావా?" అన్నాను. ఆ మాట ఇప్పటికీ నన్ను వదల్లేదు. ఆయనకు మాత్రం కోపం రాలేదు.

"క్రేన్ కేబిన్లో ముప్పయ్యేళ్లు కూకున్నాను బావా. కింద సైగలు సేసీవోడి మాట ఒక్కటీ ఇనపడదు. ఆడి సెయ్యి సూసే టన్నులు దింపినాను. సెయ్యి అబద్దమాడితే ఆడే సచ్చీవాడు."

స్క్రిప్టు ఒక స్కూలు నోటుబుక్కులో ఉంది. పద్యాలన్నీ కొట్టేశాడు. చివరి సీనులో ఒక్క మాట లేదు. కెమెరా తలుపు లోపలి వైపే ఉంటుంది. రాజు తలుపుకు ఆనుకుని అరచెయ్యి చాపి ఉంటాడు. బయట నుంచి కొట్టినప్పుడల్లా ఇనప తలుపు అదిరి తుప్పు ఆ అరచేతిలో రాలుతుంది. కొట్టడం ఆగితే రాలడం ఆగుతుంది. అంతే సీను.

"కొడుకుని చూపించవా?" అన్నాను.

"సూపిత్తే ఆడొక్కడే సత్తాడు. సూపించకపోతే, సూసినోళ్లందరి కొడుకూ బయటే ఉంటాడు."

తలుపు చేసింది ఆటోనగర్‌లో ఒక వెల్డరు. బావ పద్యాలు వింటూ పెరిగినవాడు. పాత ఓడ రేకులు తెచ్చి, తన షెడ్డు వెనక ఫ్రేము కట్టి నిలబెట్టాడు. షూటింగు రోజు మేం వెళ్లేసరికి తలుపు తళతళా మెరుస్తోంది.

"రాజుగోరి కోట తలుపు తుప్పట్టి ఉంటే నా పరువేటవ్వాల?" అన్నాడు వెల్డరు. "గ్రైండింగు కొట్టి రెండు కోటింగులు సిల్వరేసినాను."

పెళ్లి వీడియోలు తీసే కెమెరామన్ నవ్వాపుకోలేక, పైనుంచి ఇటుకపొడి పోయిద్దామన్నాడు. బావ తల అడ్డంగా ఊపాడు. "కెమెరాకి తెలీకపోవచ్చు. నా సేతికి తెలిసిపోద్ది." వెల్డరు తల దించుకుని రంగంతా తనే గీకేశాడు. తుప్పు పట్టేదాకా షూటింగు వాయిదా వేశాం.

ఆ రోజు నుంచి బావ రోజూ పొద్దున్నే స్కూటరు మీద డబ్బాతో సముద్రం నీళ్లు తెచ్చి తలుపు మీద పోసేవాడు. జబ్బు తిరగబెట్టిందని, ఎక్కువ రోజులు లేవని డాక్టరు అప్పటికే చెప్పాడు. తుప్పు ముందు పడుతుందో, బావ ముందు పడిపోతాడో మాకు తెలియదు.

"మంచం మీదుండాల్సినోడివి, ఇనుముకి నీళ్లు పోత్తన్నావేటి? అదేటి, తులసికోటా?" అంది అక్క.

"తులసికన్నా బేగి ఎదుగుతాదే" అన్నాడు బావ.

ఒక వానాకాలం గడిచింది. తుప్పు పొరలు పొరలుగా లేచింది.

షూటింగు పొద్దుటి ఎండలో జరిగింది. నేను కెమెరా పక్కన ఉన్నాను. చూసింది చూసినట్టు రాస్తాను. తలుపు అవతల వెల్డరు పిడికిలితో కొట్టాడు. మొదటి దెబ్బకు ఏమీ రాలలేదు. రెండో దెబ్బకు గోధుమరంగు పొడి ఎండలో తేలుతూ దిగింది. కింద బావ కుడి అరచెయ్యి, తీర్థానికి పట్టినట్టుంది. పదకొండు దెబ్బలు లెక్కపెట్టాను. ఏడో దెబ్బ నుంచి మధ్యలో ఎడం పెరిగింది. పదకొండోదాని తర్వాత ఇంకేమీ రాలలేదు. చెయ్యి అలాగే ఉంది. తర్వాత అది మెల్లగా పైకి లేచింది, తుప్పు రాలిన చోటును వెతుక్కుంటూ. అక్కడిదాకా వెళ్లి ఆగింది. మూసుకుంది.

కట్ చెప్పాల్సింది బావే. చెప్పలేదు.

"అయిపోనాదా బాబూ? ఇంకా కొట్టమంటారా?" అని తలుపు అవతల నుంచి వెల్డరు అడుగుతున్నాడు.

పూర్ణా మార్కెట్ దగ్గర ఒక కల్యాణమండపంలో సినిమా వేశాం. చివరి సీను అయింది. చప్పట్లు లేవు. బావ నా మోకాలు గట్టిగా పట్టుకున్నాడు. "సినిమా పోనాది బావా" అన్నాడు. అప్పుడు వెనక నుంచి మార్కెట్లో ఉల్లిపాయల వ్యాపారం చేసే ముసలాయన ఒకడు అరిచాడు, "వన్స్ మోర్!"

పద్యం లేని సీనుకు వన్స్ మోర్. మండపమంతా అందుకుంది. సీను మళ్లీ వేశారు. వన్స్ మోరంటే నటుడు లేవాలి, అది స్టేజీ మర్యాద. బావ లేచి జనం వైపు తిరిగాడు. పాడడానికి గొంతు లేదు. వెనక తెర మీద దెబ్బలు పడుతుంటే, కుడి అరచెయ్యి చాపి నిలబడ్డాడు. సీను అయిపోయేదాకా ఆ చెయ్యి దించలేదు. గొంతులేని రాజుని ఎవరు చూస్తారని నేను అడిగిన ప్రశ్నకు జవాబు అది.

దహనమైన మూడో రోజు ఆటోనగర్ వెళ్లాను. తలుపు షెడ్డు వెనక ఫ్రేములో అలాగే నిలబడి ఉంది. రేకు తడిగా ఉంది. పక్కన బావ డబ్బా.

"నీళ్లు ఎవరు పోస్తున్నారు?" అన్నాను.

"నానే. ఆపీమని ఆయన సెప్పనేదు కదా" అన్నాడు వెల్డరు. డబ్బా పక్కకు జరిపి, "ఆ పొద్దు నాను బయటే ఉండిపోనాను బాబూ. సినిమాలో సూసినాను గానీ ఎదురుగా సూడనేదు. మీరు ఒకపాలి అటేపెల్లి కొట్టండి" అని తలుపుకు ఆనుకుని అరచెయ్యి చాపాడు.

నేను అవతలికి వెళ్లాను. ఎదురుగా రేకు తప్ప ఏమీ కనబడదు. పిడికిలితో కొట్టాను. ఆగి, మళ్లీ కొట్టాను. ఈసారి లెక్కపెట్టలేదు. వేళ్లు గోధుమరంగుకు తిరిగాయి. తలుపు అవతల నుంచి చాలనే మాట రాలేదు.