మండె కట్టిన సీసాలు

స్వరూప చేతిలాంటి నెమ్మదైన చెయ్యి నేను మళ్ళీ చూడలేదు. మిర్యాలగూడలో మా డిగ్రీ కాలేజీ ల్యాబుకు రోజుకూలీ అటెండరు. దామరచర్ల దగ్గరి తండా నుంచి మొదటి బస్సుకే వచ్చేది. ఊదా క్యారెట్ కణాలను సీసాల్లో పెంచి, వాటితో రంగు పుట్టించాలన్నది మా ప్రాజెక్టు. జూన్‌లో యూనివర్సిటీ వాళ్ళు వచ్చి రంగు చూస్తే ప్రాజెక్టు సాగుతుంది, స్వరూప పర్మనెంటవుతుంది. ఆ ఆశ పెట్టిందీ నేనే.

ఆ సీసాల్లో టూ-ఫోర్-డి అనే హార్మోను వేస్తాం. పొలాల్లో కలుపు మీద కొడతారే, అదే మందు. రవ్వంత వేస్తే కణాలు పెరుగుతాయి, ఎక్కువైతే రంగు రాదు. "మా నాయన గిది డబ్బాలకు డబ్బాలు కొడ్తడు. మీరేంది మేడం, బంగారం లెక్క జోకుతరు!" అని స్వరూప నవ్వేది.

మే నెలలో పేపర్లు దిద్దడానికి నేను సూర్యాపేట పోయాను. పోతూ పోతూ, "వేడి తగలనియ్యకు, సచ్చిపోతయ్" అని ఒక్క ముక్క చెప్పాను. మూడోరోజే ఏసీ పోయింది. సెలవుల్లో పలికే దిక్కు లేదు. సీసాల పైనున్న ట్యూబులైట్లు వేడెక్కుతున్నాయని స్వరూప వాటిని ఆర్పేసింది. వాళ్ళమ్మ జమ్లీ నానిన వడ్లను గోనెల కింద కుప్పపోసి, మండె కట్టి మొలకెత్తించినట్టు, సీసాలన్నిటి మీదా తడి గోనెసంచులు కప్పింది. రెండు వారాలు పూటపూటా నీళ్ళు చల్లింది.

నేను తిరిగి రాగానే, "అన్నీ బతికినయి మేడం!" అంటూ సంబరంగా సంచులు తీసింది. కణాలు బాగానే పెరిగాయి, కానీ అన్నీ తెల్లగా మీగడలా ఉన్నాయి. వెలుతురు లేనిదే వాటికి రంగు పుట్టదు. ఆ సంగతి నేను చెప్పి ఏడిస్తే కదా! పైగా, "బుద్ధుందా నీకు? వడ్లనుకున్నవా ఇవి?" అని అందరి ముందూ అరిచాను.

నాలుగోరోజు యూనివర్సిటీ వాళ్ళు వచ్చారు. "అటెండరు లైట్లు ఆర్పేసింది సార్" అన్నాను. నా తప్పు మాత్రం నోట రాలేదు. ప్రాజెక్టు ఖతం. రేపట్నుంచి రావద్దని స్వరూపకు చెప్పేశారు.

మనసొప్పక, హార్మోను తగ్గించిన సీసాల్లోకి కణాలను మార్చి లైట్లు వేశాను. పన్నెండో రోజుకల్లా వంకాయ రంగు తిరిగాయి. ప్రిన్సిపాల్‌కు చూపిస్తే, "ఇప్పుడెందుకమ్మా, పారేయండి" అన్నాడు. పారేశాను. స్వరూపకు ఫోన్ చేయడానికి మొహం చెల్లలేదు.

ఆగస్టులో దామరచర్ల దారిలో పొలం గట్టున కనిపించింది. వీపున మందు ట్యాంకు, ముక్కుకు చున్నీ. కూలికి టూ-ఫోర్-డి కొడుతోంది. నన్ను చూసి ఉరికొచ్చింది.

"మేడం, ఆ సీసాలు మళ్ల రంగు తిరిగినయా?"

తిరిగాయంటే, 'మరి నాకెందుకు చెప్పలే?' అంటుంది.

"లేదు" అన్నాను.

"నేనే ఖరాబు జేసిన గదా మేడం. మా అమ్మకు గూడ అదే చెప్పిన" అంది. ట్యాంకు సర్దుకుని మళ్ళీ పొలంలోకి దిగింది.